వెనుకింటామె ఒడి బియ్యం

మొన్న మా అవ్వతో కలిసి కరీంనగర్‌లో ఒక దుకాణానికి పోయాను. అవ్వ అంటే నన్ను కన్న తల్లే. మా వైపు తల్లిని అవ్వ అనీ తండ్రిని బాపు అనీ పిలుస్తాం. ఈ ఏడు నాకు ఒడి బియ్యం పోయాలి. ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు ఏరి ఏరి కొనుక్కోవచ్చని నేను సంచి కూడా పట్టుకొని పోయాను. దుకాణపాయన అలమారలోంచి మెరుపు కాగితం చుట్టిన డబ్బాలు తీసి వరుసగా పెట్టాడు.

"మీరెవలో చెప్పుండ్రమ్మా. ఒక్కొక్కలకు ఒక్కో తీరు సెట్టు ఉంటది. పద్మశాలోళ్ళది వేరే, పటేండ్లది వేరే."

"ఎవలకైనా కుడుక కుడుకనే గద?" అంది అవ్వ.

"కుడుక కుడుకనే అక్కా. లెక్కనే వేరే."

అవ్వ నా మొహం చూసి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చిందని ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేకపోయింది. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఆ ముచ్చట్లే.

ఒడి బియ్యం అంటే తెలియనివాళ్ళు ఉంటారేమో, చెబుతాను. పెళ్ళయిన ఆడపిల్లను పుట్టింటివాళ్ళు కొన్నేళ్ళకోసారి పిలుస్తారు. కొత్త చీర కట్టించి పీట మీద కూర్చోబెడతారు. పసుపూ నూనే కలిపిన బియ్యాన్ని ఐదుగురు ముత్తైదువలు దోసిళ్ళతో ఆమె ఒడిలో పోస్తారు. ఆమె ఆ బియ్యం తన ఇంటికి మోసుకుపోయి, వండి, పుట్టింటివాళ్ళను పిలిచి అన్నం పెడుతుంది. పోసినవాళ్ళు పోయి తినాలి. తింటేనే అది పూర్తయినట్టు.

నేను చెప్పేది నేను గౌను వేసుకొని తిరిగే రోజుల సంగతి. మాది కరీంనగర్ దగ్గర సాంచెల పట్నం. మరమగ్గాలను మేం సాంచెలంటాం. పొద్దున లేస్తే టకటక, పడుకుంటే టకటక. కరెంటు పోయినప్పుడు మాత్రం వాడంతా ఒక్కసారిగా చెవిటిదైపోయినట్టు ఉండేది. అప్పుడే మా అవ్వ గొంతు ఎంత పెద్దదో మాకు తెలిసేది, ఎందుకంటే సాంచె చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ ఆమెకు అదే అలవాటు. వాడంతా నూనె వాసన, కొత్త బట్ట వాసన, సాయంత్రమైతే ఎవరో ఒకరింట్లో సర్వపిండి మాడిన వాసన.

వాడలో ఉన్నవాళ్ళమంతా ఒకే కులం. ఏం కావాలన్నా సంఘమే. పెళ్ళికి వండే పెద్ద గంజులు సంఘానివి, షామియానా సంఘానిది, ఎవరైనా పోతే మోసే మనుషులూ సంఘంవాళ్ళే. "సంఘం ఏమంటదో", "సంఘం ఊకుంటదా" అని పెద్దలు మాట్లాడుకుంటుంటే, సంఘమంటే పెద్ద మీసాలూ చేతికర్రా ఉన్న ముసలాయన అనుకునేదాన్ని. ఆయన ఎప్పుడు మా ఇంటికొస్తాడో, నన్ను ఎక్కాలు అడుగుతాడేమో అని భయం కూడా ఉండేది.

మా ఇంటి వెనక పెరట్లో ఒక గది ఉండేది. దానికి వెనక గల్లీలోకి వేరే తలుపు. ఆ గదిలోకి ఒక జంట కిరాయికి వచ్చింది. ఆయన సామాన్ల ఆటో నడిపేవాడు. ఆమె మంథని దిక్కు పటేండ్ల బిడ్డ, భూములూ బావులూ ఉన్న ఇల్లు. ఆయన కులం పేరు మా వాడలో గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారు. ఆమె తల్లిగారింటివాళ్ళు, మాకు ఆ బిడ్డ లేదనుకున్నాం అని చెప్పి తలుపేసుకున్నారట. పట్నంలో చాలా ఇళ్ళు తిరిగారు. కులం అడగగానే గది ఖాళీ లేదనేవారు. మా నాయినమ్మ అడిగితే ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు.

నాయినమ్మ కాసేపు ఆలోచించి, "ఉండుండ్రి. కానీ వెనుక తలుపుకెళ్ళే వచ్చుడు, వెనుక తలుపుకెళ్ళే పోవుడు. మా నీళ్ళ డ్రమ్ము ముట్టద్దు," అంది. అప్పుడు ఆ మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు. అందరి నాయినమ్మలూ అలాగే అంటారనుకున్నాను.

నేను మాత్రం ఆ గదికీ మా ఇంటికీ మధ్య ఉన్న పొట్టి గోడ దూకడం తొందరగానే నేర్చుకున్నాను. వెనుకింటక్క మక్క గారెలు చేసేది. లేత మక్కలు, అంటే మొక్కజొన్నలు, రుబ్బి, పచ్చిమిర్చి దంచి, ఇంత కొత్తిమీర వేసి. నేను పోయి తిని, గౌనుకు చేతులు తుడుచుకొని, ఏమీ ఎరగనట్టు వచ్చి నాయినమ్మ పక్కన కూర్చునేదాన్ని.

"ఏం తిన్నవే పోరీ?"

"ఏం తినలే."

"చెయ్యి దే, వాసన జూస్త."

చెయ్యి ఇచ్చాను. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. నాయినమ్మ నా వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు ఉంది.

"కొత్తిమీర జర ఎక్కువైంది. చెప్పు ఆ పిల్లకు," అంది. అంతే. అప్పటి నుంచి నేను గోడ దూకకుండా పెరటి మెట్ల మీద నుంచే, అందరూ చూస్తుండగానే పోయేదాన్ని.

ఆ వానాకాలం అయిపోతుండగా మా మేనత్త ఇచ్చోడ నుంచి వచ్చింది. ఆమెకు ఆ ఏడు ఒడి బియ్యం. ఇచ్చోడలో ఉండీ ఉండీ ఆమె మాటల్లో మరాఠీ ముక్కలు దూరాయి, ఏది చూసినా "అగబాయి" అనేది. నేనూ నా స్నేహితురాళ్ళూ వెనక నుంచి "అగబాయి, అగబాయి" అని వెక్కిరించి పరుగెత్తేవాళ్ళం. ఇంట్లో పెద్ద సందడి. అవ్వ పెద్ద గంగాళంలో బియ్యం కలిపింది. ముంగిట్లో పీట వేశారు. వాడ ఆడవాళ్ళంతా వచ్చారు. వెనుకింటక్కను ఎవరూ పిలవలేదు. ఆమె ఇంటి పక్క సందులో నిలబడి చూసింది.

మేనత్త లేచేటప్పుడు ఒడిలోంచి కొంచెం బియ్యం ముంగిట్లో ఒలికాయి. ఎవరూ పట్టించుకోలేదు, అందరూ భోజనాలకు లోపలికి పోయారు. నేను చేతులు కడుక్కోవడానికి బయటికొస్తే, వెనుకింటక్క వంగి ఆ పచ్చటి గింజలను ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంటోంది. నన్ను చూడలేదు. ఏరినవి కొంగుకు ముడి వేసుకొని, ముడి మీద చెయ్యి పెట్టుకొని వెనక్కి పోయింది.

నా కడుపులో ముచ్చట ఆగుతుందా? నాయినమ్మ దగ్గరికి ఉరికాను.

"నాయినమ్మా, వెనుకింటక్క మన బియ్యం ఏరుకపోయింది!"

నాయినమ్మ నోట్లో ముద్ద ఆగింది. "ఎన్ని?"

"చారెడు గూడ లేవు."

నాయినమ్మ ఆ తర్వాత అన్నం తినలేదు. చేయి కడుక్కొని, గోడకు ఆనుకొని కూర్చుంది. మేనత్త బస్సుకు టైమవుతుందని సామాను సర్దుకుంటుంటే, ఉన్నట్టుండి అంది, "వెనుకింటి పిల్లకు గూడ మనమే పోస్దాం."

"అగబాయి! అవ్వా, నీ పానం మంచిగనే ఉన్నదా?" మేనత్త సంచి కింద పడేసింది. "గా పిల్లకు మనమెందుకు పోస్తం? మనకేమైతది?"

"మన ఇంట్ల ఉంటది గద."

"కిరాయికుంటది!"

"నువ్వు ఊకెనే ఉన్నవు గీ ఇంట్ల. గా పిల్ల కిరాయి కట్టి ఉంటున్నది."

నేను పకపకా నవ్వాను. మేనత్త నా నెత్తిన ఒకటిచ్చింది.

బాపు మెల్లగా అన్నాడు, "అవ్వా, పోసుడు పెద్ద ముచ్చట గాదు. పోసినంక పోయి ఆళ్ళింట్ల తినాలె. సంఘంల నన్ను నిలవెట్టి అడుగుతరు."

"ముందు పోస్దాం. తినేటప్పుడు జూద్దాం తియ్."

"ఎవలు పోస్తరు? నువ్వైతే పోయరాదాయె," అంది మేనత్త.

నాయినమ్మ మొహం చిన్నబోయింది. మా తాత పోయి చాలా ఏళ్ళయింది. మేనత్తకు పోసినప్పుడు కూడా నాయినమ్మ తలుపు చాటునే నిలబడింది, సొంత బిడ్డకే.

అప్పుడు వంటింట్లోంచి అవ్వ గొంతు వినిపించింది. "నేను పోస్త అత్తమ్మా."

అందరం అటు తిరిగాం. అవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మా అవ్వ పోయినంక మా అన్నలు నాకు పోసుడే మర్చిపోయిండ్రు. ఈ ఏడు పిలుస్తరేమో, వచ్చే ఏడు పిలుస్తరేమో అనుకునేదాన్ని. ఇగ అనుకునుడు గూడ బందువెట్టిన. గా పిల్లకు గట్ల గావద్దు."

బాపు తెల్లబోయాడు. "నాకెన్నడు చెప్పలేదేందే?"

"నువ్వెన్నడన్న అడిగినవా?"

మేనత్త మూతి ముడుచుకొనే బస్సెక్కింది.

పిలవడానికి అవ్వ కుంకుమ భరిణ పట్టుకొని వెనుకింటికి పోయింది. నేను వెనకాలే. వెనుకింటక్క బియ్యం చెరుగుతోంది.

"ఒడి బియ్యం పోస్తున్నం. రావాలె," అంది అవ్వ.

"ఎవలకక్కా? మీ ఆడబిడ్డకు పోస్తిరి గద."

"నీకే."

ఆమె చేట కింద పెట్టింది. సంతోషపడుతుందనుకున్నాను. అవ్వ మొహం చూస్తూ, "మాది చిన్న గది అక్కా. వచ్చి తింటరా?" అంది. మా అందరికంటే ముందు ఆమెకే తట్టింది. అవ్వ భరిణ మూత తీసి బొట్టు పెట్టి వచ్చింది.

పోసే రోజు ఐదుగురు ఆడవాళ్ళు దొరకడమే కష్టమైంది. అవ్వ ఒకతె. మూల మీద జాకెట్లు కుట్టే ఆమె వచ్చింది. మా దగ్గర నూలు కండెలు చుట్టే అక్కాచెల్లెళ్ళు వచ్చారు. వస్తానన్న ఐదో ఆమె, తలనొప్పిగా ఉందని కబురు పంపింది. పీట మీద వెనుకింటక్క తల వంచుకొని కూర్చుంది. ముదురాకుపచ్చ చీర, నాయినమ్మ తన పెట్టెలో దాచుకున్నది తీసిచ్చింది.

నలుగురూ పోశారు. ఐదో మనిషి కోసం అందరం గేటు వైపు చూశాం. అవ్వ లేచి చేతులు కడుక్కొని, కొంగు విప్పి మళ్ళీ చుట్టుకొని, కొత్తగా వచ్చిన మనిషిలా పీట ముందు కూర్చుంది.

"ఇందాక పోసింది నేను. గిప్పుడు పోసేది మా అవ్వ తరఫున," అంటూ మళ్ళీ దోసిలి నింపింది.

జాకెట్లు కుట్టే ఆమె, "గిట్ల నడుస్తదా?" అని అడిగితే, తలుపు చాటు నుంచి నాయినమ్మ, "నడుస్తది. నేను జూస్తున్న గద," అని అరిచింది.

ఒడి బియ్యంతో పుట్టిల్లు దాటే ముందు ఆడపిల్ల ఐదు పిడికిళ్ళు తీసి ఆ ఇంటి బియ్యం కుండలో వేస్తుంది. పుట్టిల్లు నిండుగా ఉండాలని. వెనుకింటక్క గడప దగ్గర ఆగిపోయింది. అన్ని రోజుల్లో ఆమె ఎప్పుడూ మా ఇంట్లోకి రాలేదు.

"లోపటికి రా పిల్లా. గడపల నిలవడి ఎవలన్న ఏస్తరా?" అంది నాయినమ్మ.

ఆమె కుడి కాలు లోపల పెట్టింది. కుండ ఎక్కడుందో ఆమెకు తెలియదు, నేనే చెయ్యి పట్టుకొని తీసుకుపోయాను.

ఆ తర్వాత అసలు తమాషా. ఆడపిల్ల పుట్టింటి నుంచి అత్తగారింటికి పోవాలి కదా. ఆమె ఇల్లేమో అదే పెరట్లో, పది అడుగుల్లో! వెనక తలుపు వైపు తిరగబోతుంటే నాయినమ్మ ఆపింది. "అటెటు? బిడ్డను వెనుక తలుపుకెళ్ళి సాగనంపుతరా? ముంగట గేటుకెళ్ళే పోవాలె."

గేటు ముందు ఆమె పెనిమిటి సామాన్ల ఆటో పెట్టుకొని నిలబడ్డాడు. కడిగి తళతళలాడించి, ముందర బంతిపూల దండ కట్టాడు. వెనక బట్ట తాన్లు వేసే చోట ఒక కుర్చీ. నాయినమ్మ ఆయన్ని చూసి, "అల్లుడా, మెల్లగ నడుపు. బియ్యం ఒలుకుతయ్," అంది. అల్లుడనేసరికి ఆయన తడబడి ఇంజన్ ఆపేశాడు. మళ్ళీ మళ్ళీ తిప్పితే గానీ అది లేవలేదు.

నేనూ ఎక్కి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మా గేటు నుంచి పెద్ద సడక్, అక్కడి నుంచి సంఘం బిల్డింగు, పాల దుకాణం, మళ్ళీ తిరిగి వెనక గల్లీ. తలుపుల్లో నిలబడి అందరూ చూశారు. కొందరు లోపలికి పోయారు. ఒక ముసలామె మాత్రం దండం పెట్టింది, ఆటోకు కట్టిన దండ చూసి దేవుడనుకుందేమో. వెనుకింటక్క కొంగు కింద బియ్యం మూటను రెండు చేతులా పట్టుకొని, కుర్చీలో కదలకుండా కూర్చుంది.

"అక్కా, ఏడుస్తున్నవా?"

"ఇగ అక్క గాదు," అంది ముక్కు ఎగబీలుస్తూ. "అత్త అనాలె."

పోసుడు అయిపోయింది. తినుడు మిగిలింది. చాయ్ హోటల్ దగ్గర సంఘం పెద్దలు బాపును పట్టుకున్నారట. "పోసినవు, ఆడోళ్ళ ముచ్చట అనుకొని ఊకుంటం. తింటె మాత్రం లెక్క వేరే ఉంటది," అన్నారట. బాపు ఇంటికొచ్చి ఆ మాట ఒక్కటే చెప్పాడు. తింటాననలేదు, తిననని కూడా అనలేదు. తినే రోజు పొద్దున్నే సాంచెల షెడ్డులోకి పోయాడు.

మధ్యాహ్నానికి నాయినమ్మ, అవ్వ, నేను వెనుకింటికి పోయాం. చిన్న గది, కడిగి ముగ్గేశారు. లేత పసుపు రంగు అన్నం, పప్పు, గుత్తి వంకాయ కూర, పరమాన్నం, అప్పడాలు. విస్తర్లు వేసి ఉన్నాయి. మొదటి విస్తరి ఖాళీగా ఉంది.

"కూసో పిల్లా, నేను మొదలువెడుత," అంది నాయినమ్మ.

"మా దిక్కు ముందు అన్న కూసుంటడవ్వా." అత్త గొంతు మెత్తగానే ఉంది కానీ వడ్డించడానికి లేవలేదు.

ఆమె పెనిమిటి నెమ్మదిగా చెప్పి చూశాడు. "అన్న పనిలున్నడేమో. డబ్బల పెట్టి పంపుదాం."

"డబ్బల పంపేటిదైతే వండకనే పోదును."

గోడ అవతల సాంచె టకటకలాడుతోంది. అది మా బాపు సాంచె అని మాకందరికీ తెలుసు, దాని చప్పుడులో కొంచెం కుంటు ఉండేది. అన్నం మీద ఆవిరి తగ్గిపోయింది. నేను మెల్లగా అప్పడం వైపు చెయ్యి పోనిచ్చాను, అవ్వ ఆ చెయ్యి మీద కొట్టింది. అత్త గోడ వైపు చూడకుండా, గరిటెను పళ్ళెంలో అటూ ఇటూ జరుపుతోంది.

ఇంతలో సాంచె ఆగింది.

"కరెంటు పోయింది," అంది అవ్వ.

"పోతే పాయె. ఇగ సల్లారిపోతది, తిందాం," అని నాయినమ్మ విస్తరి ముందుకు జరిగింది.

నాకు చెమట పట్టలేదు. తలెత్తి చూశాను.

"ఫ్యాను తిరుగుతున్నది!" అని అరిచాను.

అందరూ పైకి చూశారు. పాత ఫ్యాను, కిర్రు కిర్రుమంటూ తిరుగుతూనే ఉంది. నాయినమ్మ నోరు తెరిచి దాన్నే చూస్తుండగా, బాపు తలుపు దగ్గరికొచ్చాడు. జుట్టు నిండా నూలు నలకలు, చేతులకు నూనె.

"కాళ్ళు యాడ కడుక్కోవాలె చెల్లె?" అన్నాడు.

ఆ తర్వాత ఏమైందంటే, ఏమో ఒకటి అయింది. మా ఇంట్లో మరుసటి శుభకార్యానికి సంఘం గంజులు ఇవ్వలేదు. అవ్వ ఇంట్లో ఉన్న గిన్నెల్లోనే విడతలు విడతలుగా వండింది, చుట్టాలు వరుసలో నిలబడి తిన్నారు. కొన్నాళ్ళకు సంఘంవాళ్ళే మెత్తబడ్డారు. ఇచ్చోడ నుంచి మేనత్త ఫోన్ చేసి, "కొత్త చెల్లెకు ఏ చీర పెట్టిండ్రు? నా చీర కంటె మంచిదా?" అని అవ్వను గుచ్చి గుచ్చి అడిగింది. మంచిదేనని తెలిసి మళ్ళీ అలిగింది. ఆ తర్వాతి పండుగకు మాత్రం ఇద్దరికీ ఒకే తాను నుంచి జాకెట్ ముక్కలు తెచ్చింది.

ఇప్పుడు ఆ వాడలో సాంచెలు లేవు. చాలామంది తుక్కు కింద అమ్మేశారు. మా షెడ్డు ఉన్నచోట ఎవరిదో బట్టల గోదాము వచ్చింది. సంఘం బిల్డింగుకు పైన మరో అంతస్తు లేచింది, మా పెళ్ళి పత్రికలు ఇప్పటికీ సంఘం ఫోన్ గ్రూపులోనే ముందు పడతాయి. కులం ఎక్కడికీ పోలేదు, నాకు తెలుసు. వెనుకింటక్క మాకు చిన్నత్త అయిపోయింది, వాళ్ళు శ్రీరాంపూర్‌లో ఇల్లు కట్టుకున్నారు. నాయినమ్మ ఇప్పుడు లేకపోయినా, పోయాల్సిన ఏడు రాగానే ఆమెకు అవ్వ పోస్తుంది, మేమంతా పోయి తింటాం.

కానీ నాకు ఎక్కువగా తలపుకొచ్చేది ఆ మొదటి అన్నమే. మా బాపు తిండి దగ్గర మహా బిగువు మనిషి. పెట్టినంత తిని లేస్తాడు, రెండోసారి వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. పెళ్ళిళ్ళలోనూ అంతే, మా ఇంట్లోనూ అంతే. ఆ రోజు ముద్ద ముద్దకూ నీళ్ళు తాగుతూ, ఎవరి వైపూ చూడకుండా తిన్నాడు. అత్త అన్నం గరిటె పట్టుకొని ఆయన ఎదురుగా వంగి, "ఇంకింత పెట్టనా అన్నా?" అంది.

బాపు చెయ్యి అడ్డం పెట్టలేదు.